పేజీకి ఇరవై

హనుమకొండ కోర్టు ప్రహరీకి కట్టిన
నీలం పరదా కింద నాదొక టేబులు, ఒక కంప్యూటరు,
కరెంటు పోతే మా నాయిన పాత టైపు మిషను.
పేజీకి ఇరవై.
ఏడుపుకు వేరే రేటు లేదు.

మొదలు కొత్తవాడ ఓదెలు వచ్చిండు.
జంపఖానాలు నేసే మనిషి,
గోళ్ళ సందుల రంగు ఇంక పోలేదు.
పాలిథిన్ సంచిలకెళ్ళి ఒక్కొక్కటే తీసిండు:
బయానా రసీదు, బాండు పేపరు,
మడతల కాడ చినిగిన బ్రోచరు,
దాంట్ల ఈతకొలను,
ఒడ్డున గొడుగు కింద ఓ తెల్లామె.
"పాలపిట్ట ఎవెన్యూ, నలభై ఏడో నంబరు,
నూట యాభై గజాలు, తూర్పు మొకం.
తూర్పు మొకమని తప్పకుంట రాయమ్మా."
రాసిన.
తూర్పున ఏమున్నదని అడిగితే
"మొన్నటి వానకు ఎరుకయింది, చెరువు" అన్నడు.
ధర్మసాగరం రోడ్డు దిగి పోతే
నలభై ఒకటి దాకా రాళ్ళు కనబడుతయట.
ఆ తర్వాత కొంగలను లెక్కబెట్టుకోవాలె.

వారం తిరగలే, నస్రీన్ టీచరు.
నల్ల బ్యాగు, తేదీల వారీగ పిన్ను కొట్టిన కాయితాలు.
"పాలపిట్ట ఎవెన్యూ" అన్నది.
ఆమె చెప్పకముందే నా వేళ్ళు కొట్టినయి: నలభై ఏడు.
ఆమె నన్ను చూసింది.
నేను పరదా కొస చూసిన.
ఒకరి కాయితం ఇంకొకరికి చూపొద్దు,
ఇది నా నీతి, ఎవ్వలూ నేర్పలేదు.
కానీ ఓదెలు ఫిర్యాదు ఒక ప్రతి తీసి
టేబులు మీద ఊకెనే మరిచిపోయిన.

మూడోటాయన సారంగం.
మధ్యాహ్నం, జనం పలచబడ్డంక.
కారుల తిప్పి ప్లాటు చూపించిన ఏజెంటు.
ఎండకాలం చూపించిండు.
"ఆఫీసుకు తాళమేసిన్రు, బోర్డు గూడ పీక్కపోయిన్రు.
నా కమీషను రెండు శాతం. అదీ చెక్కు. అదీ తిరిగొచ్చింది.
ఓదెలూ నేనూ పదకొండేండ్లు ఒకే షెడ్డుల నేసినం.
ఆయన ప్లాటును చూసి కొనలే, నన్ను చూసి కొన్నడు."
"మరి ఒకటే ప్లాటు ఇద్దరికెట్ల చూపిస్తివే అన్నా?"
ప్రింటరు దిక్కు చూసుకుంట కూసున్నడు.
"మొదటాయనది రద్దయిందని కంపెనోళ్ళు చెప్పిన్రు.
నమ్మిన.
సగం నమ్మిన."
ఆ సగం నేను టైపు చెయ్యలే.
లేవబోయి మళ్ళ కూసున్నడు.
"అది గూడ రాయి."

ఆ పొద్దు అలసిపోయి ఉన్న.
'ప్రతివాది తరఫున' అని కొట్టబోతే
'ప్రతివాడి తరఫున' అని పడ్డది.
ఒక్కటే అక్షరం. దిద్దిన.
దిద్దినంక గూడ చానసేపు
అది తెర మీద ఉన్నట్టే అనిపించింది.

ఆరు వాయిదాలు.
ఒకనాడు సారు సెలవు, ఒకనాడు వకీళ్ళ సమ్మె.
కంపెనీ మీద ఆర్డరొచ్చింది, తొమ్మిది శాతం వడ్డీతోని.
తీసుకునేతందుకు కంపెనీ లేదు.
సారంగంది మాత్రం రాజీ:
నెలకు ఆయనకు మూడు వేలు, ఆమెకు మూడు వేలు,
అయిదో తారీఖు, నా టేబులు మీదనే.

ముగ్గురూ వస్తరు. మాటలుండయి.
నస్రీన్ టీచరు రెండుసార్లు లెక్కబెడుతది.
ఓదెలు లెక్కబెట్టడు, ముడిచి జేబుల పెట్టుకుంటడు.
సారంగం తల దించేది అప్పుడే.

పోయిన నెల ఓదెలుకు అయిదొందలు తక్కువ పడ్డయి.
"మూడు వేలే రాయనా, పై నెల కలుపుతడు" అన్న.
ఒద్దన్నడు ఓదెలు.
"ఎంతిచ్చిండో అంతే రాయి బిడ్డా.
లేనిది ఉన్నట్టు రాసిన కాయితం
నాకాడ ఒకటున్నది, చాలు."

రెండు వేల అయిదొందలని రాసిన.
రసీదుకు నేను పైసలు తీసుకోను.
పేజీ నిండదు గద.